తీసిన సామాను

బెంచీకి ఒక కాలు పొట్టి. ఇటు ఒరిగితే అటు లేస్తుంది, అటు ఒరిగితే ఇటు లేస్తుంది. గురజాలలో రోడ్డు మీద ఇంత షాపు పెట్టుకున్నవాడు, పైన లైట్ల బోర్డు కూడా వేయించుకున్నవాడు, బెంచీ కాలి కింద ఒక అట్టముక్క పెట్టుకోలేడా అనుకున్నాడు సత్తార్. అనుకున్న మరుక్షణమే సిగ్గేసింది. ఒకరి బెంచీకి వంక పెట్టే మొహమా ఇవాళ తనది? ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మస్తాన్‌రావు బండి స్టాండు మీద నిలబడి ఉంది. కుడివైపు ఇండికేటర్లు రెండూ టపటపా కొట్టుకుంటున్నాయి, కంట్లో నలక పడ్డవాడి రెప్పలాగా. సీటు కింద ఎక్కడో, ఆ లైట్లని వెలిగించి ఆర్పే రిలే టికటికటికమని ఒకటే గోల పెడుతోంది. ఆ చప్పుడు వినపడినంతసేపూ సత్తార్‌కి తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఆ నాలుగు ఎల్‌ఈడీ లైట్లూ తను బిగించినవే, కారంపూడిలో తన రేకుల షెడ్డు కింద, మొన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చి, కడుక్కున్న చేతులతో. బిగించి స్విచ్ నొక్కితే అప్పుడూ ఇదే గోల. "ఏంది భాయ్, ఇంత స్పీడుగా కొట్టుకుంటుంది?" అని మస్తాన్‌రావు అప్పుడే అడిగాడు. అడిగినవాడికి ఉన్నమాట చెబితే పోయేది. నాకూ అంతు పట్టడం లేదు, బండి రేపటిదాకా వదిలెయ్యి, చూస్తాను అంటే పోయేది. అనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, అంతా తెలిసినవాడిలా తల ఊపి, "ఎల్‌ఈడీలంటే ఇంతే మస్తాన్‌రావూ, కొత్త మోడలు" అన్నాడు.

కొత్త మోడలు. ఆ కొత్త మోడలు వెనక సీటు మీదే కూర్చుని వచ్చాడు ఇవాళ కారంపూడి నుంచి. పొద్దున మస్తాన్‌రావు షెడ్డు ముందు బండి ఆపి, దిగకుండానే, "ఎక్కు భాయ్, నీ శిష్యుడి కాడికే పోదాం, అసలు సంగతేందో నువ్వూ విందువుగాని" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. నవ్వుతూ అన్నాడు. దారి పొడుగునా మలుపు ఉన్నా లేకపోయినా ఇండికేటర్ వేస్తూనే వచ్చాడు. మిర్చి బస్తాల ట్రాక్టరు ఒకటి ఎంతకీ దారి ఇవ్వదు, ఆ ఘాటుకి ఇద్దరికీ తుమ్ములు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య మస్తాన్‌రావు చెబుతూనే ఉన్నాడు. నరసరావుపేటలో పెళ్ళికి పోతే అక్కడి కుర్రాళ్ళు అంబులెన్సు వచ్చింది, తప్పుకోండి తప్పుకోండి అన్నారట. అల్లుడి ముందు తల కొట్టేసినట్టయిందట. ఆ అల్లుడే, ఇది రిలే మార్చకపోతే వచ్చే జబ్బు మామా, ఎవరో గానీ నీ చెవిలో పూలు పెట్టారు అన్నాడట. సత్తార్ వెనక కూర్చుని మస్తాన్‌రావు చెవి వైపే చూశాడు చాలాసేపు. తెల్ల వెంట్రుకలు మొలిచిన చెవి. తన షెడ్డుకి మొదటిసారి వచ్చినప్పుడు అది పెళ్ళికొడుకు చెవి, ఇంకా పసుపు కూడా పోలేదు. అప్పటి నుంచీ ఈ మనిషి తన బండి మీద ఇంకో మెకానిక్ చెయ్యి పడనివ్వలేదు. బండ్లు మారాయి, చెయ్యి మారలేదు. ఆ చెయ్యే అతని చెవిలో పూలు పెట్టింది.

శిష్యుడు నౌషాద్ చూడగానే లేచాడు, సలాం చేశాడు, బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు, అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత స్విచ్ నొక్కి చూసి నవ్వాడు. "ఏంది ఉస్తాద్, మామూలు రిలే మీదనే ఎల్‌ఈడీలు బిగించారా? పాత బల్బులు కరెంటు బాగా తాగుతయి. ఆ తాగుడు చూసుకునే రిలే నిదానంగా కొట్టుకుంటది. ఎల్‌ఈడీ తాగేది చుక్క. దాంతో బల్బు మాడిపోయిందనుకుని రిలే కంగారు పడిద్ది. ఎల్‌ఈడీకి వేరే రిలే వెయ్యాలని ఇప్పుడు సైకిలు తొక్కే పిల్లోళ్ళకి గూడా తెలుసు బాబాయ్." మొదలుపెట్టింది ఉస్తాద్‌తో, ముగించింది మస్తాన్‌రావుతో. హారన్ల కోసం వచ్చి నిలబడ్డ ఆటోవాళ్ళిద్దరూ పెద్దగా నవ్వారు. అందరికీ అర్థమయ్యే తెలుగులో అన్నాడు మరి. ఇళ్ళలో ఉర్దూ మాట్లాడుకునే తామిద్దరూ గిరాకీ ముందు తెలుగే మాట్లాడాలన్నది సత్తార్ పెట్టిన కట్టడి. వాడికి రాని భాషలో మాట్లాడుకుంటే వాడి బండి గురించి ఏదో దాస్తున్నామనుకుంటాడు, ఎంత నమ్మినవాడికైనా ఆ ముల్లు గుచ్చుకుంటుంది అనేవాడు. పిల్లవాడుగా ఉన్నప్పుడు నౌషాద్ మరిచిపోయి ఉర్దూలో ఏదో అడిగితే, "తెలుగులో చెప్పు" అని నెత్తిన ఒకటి ఇచ్చేవాడు కూడా. వాడు బాగా నేర్చుకున్నాడు. ఉర్దూలో నవ్వి ఉంటే ఆ నవ్వు ఇద్దరి మధ్యా ఉండిపోయేదేమో అనుకున్నాడు సత్తార్. నవ్వుకి భాష ఏమిటి, పిచ్చి ఆలోచన.

వేరే రిలే వెయ్యాలని నాకూ తెలుసురా అని నోటిదాకా వచ్చింది. తెలియకపోతే ఫోన్ ఎందుకు చేశాను, ఎల్‌ఈడీకి వేసే రిలే ఒకటి కారంపూడి ఆటోలో పంపించురా అంటే పంపుతా ఉస్తాద్ అన్నది నువ్వు కాదా, పంపింది నువ్వు కాదా. వాడికి రోజుకి ఎన్ని ఫోన్లో, మరిచిపోయి ఉంటాడు. గుర్తు చేయవచ్చు. కానీ సత్తార్ నోరు మెదపలేదు, ఎందుకంటే రెండు రోజులుగా అతన్ని తినేస్తున్న అనుమానం వేరే ఉంది. రిలే అంటే ఎంత, అగ్గిపెట్టెలో సగం. నల్లటి డబ్బా, రెండు కాళ్ళు. బండిలోంచి తీసిందీ, నౌషాద్ పంపిందీ కవల పిల్లల్లాగా ఉన్నాయి. రెండిటినీ పక్కపక్కన గోనెపట్టా మీద పెట్టుకున్నాడు. అప్పుడే ఎవరో పిలిచారు, లేచి వెళ్ళి వచ్చాడు. వచ్చి ఏది చేతికి తీసుకున్నాడు? తీసినదాన్నే మళ్ళీ బిగించి, కొత్తదాన్ని పాత బల్బులతో పాటు కాగితంలో పొట్లం కట్టి మస్తాన్‌రావు చేతిలో పెట్టాడా? తీసిన సామాను గిరాకీ చేతిలో పెట్టడం కూడా సత్తార్ కట్టడే. మాడిన ప్లగ్గయినా, తెగిన కేబులయినా, ఇదిగో నీది, నేను మార్చింది నిజంగానే మార్చాను అని చూపించి చేతిలో పెట్టాలి. ఆ కట్టడే తనని ముంచిందేమో. దూరం చూపు ఇప్పటికీ బాగానే ఉంది, మసీదు మీద వాలింది పావురమో గువ్వో షెడ్డులోంచి చెబుతాడు. దగ్గరది ఏదీ ఆనదు. రిలే మీద అక్షరాలు చీమల బారు. అద్దాలు లేవా అంటే ఉన్నాయి, ఇంట్లో గూట్లో. షెడ్డులో పెట్టుకుంటే, ముసలాడికి కళ్ళు పోయినట్టున్నాయని గిరాకీ అనుకుంటాడు. అనుకోకూడదని పెట్టుకోలేదు. ఇవాళ గురజాల నడిబొడ్డున అనుకుంటున్నారు.

ఇంట్లో బీబీ ఎప్పుడూ అంటుంది, మీకు 'తెలియదు' అనే మాట ఉర్దూలోనూ రాదు, తెలుగులోనూ రాదు అని. పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ అనేది, ఇప్పుడు నవ్వకుండా అంటోంది. ఆమెకేం తెలుసు. షెడ్డు వేసుకున్న కొత్తలో ఒక కాంట్రాక్టరు బండి తెచ్చి, ఇది ఎందుకు ఆగిపోతోంది అంటే, తెలియడం లేదండీ, విప్పి చూడాలి అన్నాడు సత్తార్ అమాయకంగా. తెలియని వాడికి నా బండి ఎందుకు అని ఆయన ఆ ఎండలో బండి తోసుకుంటూ ఎదురు షాపుకి పోయాడు. రోడ్డు దాటి పోతున్న ఆ వీపు సత్తార్‌కి ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఆ రోజు నుంచీ ఒకటే పాఠం. గిరాకీ ముందర తెల్లమొహం వెయ్యొద్దు. తప్పు చేస్తే దిద్దుకో, కానీ గిరాకీ ముందర ఒప్పుకోకు, ఒప్పుకున్నావంటే వాడు మళ్ళీ నీ గడప తొక్కడు. నౌషాద్‌కి మొదటి రోజే చెప్పాడు ఈ మాట, పానాల పేర్లకంటే ముందు. వాడు కూడా చెప్పింది చెప్పినట్టు పట్టుకునేవాడు. తను బండి కింద పడుకుని చూడకుండా చెయ్యి చాపితే చాలు, అడగకుండానే ఏ పానా కావాలో ఆ పానా అరచేతిలో పడేది. చేతికీ చేతికీ మధ్య మాట ఉండేది కాదు. వాడు గురజాలలో షాపు పెట్టుకుంటానంటే తన టెస్ట్ ల్యాంపు ఇచ్చి పంపాడు, ఒక పాత బల్బుకి రెండు వైర్లు కట్టుకుని తను చేసుకున్నది. అది ఇప్పుడు ఈ షాపులో ఎక్కడా కనపడదు. సత్తార్ అప్పటికే రెండుసార్లు గోడలన్నీ వెతికాడు, వెతికినందుకు మళ్ళీ తనమీద తనకే చిరాకేసింది.

కౌంటరు మీద కనపడింది ఏమిటంటే గోళ్ళరంగు సీసా. షాపులో గ్రీజు వాసన, రోడ్డు మీది మిర్చి ఘాటు, వీటన్నిటి పైనా ఆ రంగు వాసన. నౌషాద్ పెళ్ళాం హమీదాది, ఎర్రరంగు. అమ్మిన ప్రతి ఎలక్ట్రికల్ సామాను మీదా దాంతో చుక్క పెట్టి ఇస్తాడు. ఎక్కడో కొన్నది తెచ్చి, నీ దగ్గరే కొన్నా, చెడిపోయింది, మార్చివ్వు అని దబాయించే వాళ్ళ నోరు మూయించడానికి. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు ఆ చుక్క. రిలే బిగించిన రోజు పక్కకి తిప్పి అది చూసుకోవాలని మాత్రం సత్తార్‌కి తోచలేదు. పోయినేడు మస్తాన్‌రావే హారన్ ఒకటి పట్టుకొస్తే, చుక్క ఏది బాబాయ్ అని తిప్పి పంపాడట. వాడి తెలివికి అప్పుడు సత్తార్ లోలోపల మురిసిపోయాడు, నా శిష్యుడు అని.

నౌషాద్ సీటు ఎత్తాడు. పక్క ప్యానెల్ ఊడదీశాడు. వైర్ల కట్టలోకి చెయ్యి పెట్టి, వేళ్ళతోనే వెతికి, రిలేని పట్టుకుని లాగాడు. టికటిక ఆగిపోయింది. షాపు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయినట్టనిపించింది సత్తార్‌కి, రోడ్డు మీద అంత ట్రాఫిక్ ఉన్నా. ఇప్పుడు తేలుతుంది. అది బండితో వచ్చిన పాతదే అయితే తన పని అయిపోయినట్టే. షెడ్డు మూసెయ్యాలి, రేకులు విప్పి అమ్ముకోవాలి, ఇంట్లో గూటి ముందు కూర్చుని అద్దాలు పెట్టుకుని ఫోన్ చూసుకోవాలి. నౌషాద్ దాన్ని వెలుగులోకి తిప్పాడు. బెంచీ నుంచి బండికి నాలుగు బారలు ఉంటుందేమో, సత్తార్ చూపుకి కరెక్టుగా సరిపోయే దూరం. నల్లటి డబ్బా పక్కన, ఎండలో, ఎర్రగా చుక్క.

గుండె ఒకసారి తేలికై, మళ్ళీ అంతకంత బరువెక్కింది. తను తప్పు బిగించలేదు. వచ్చినదాన్నే బిగించాడు. వాడే పంపాడు, డబ్బాలోంచి చేతికి అందినది తీసి, చూడకుండా, అలవాటుగా చుక్క పెట్టి మరీ మామూలు రిలే పంపాడు. నౌషాద్ కూడా చూశాడు చుక్కని. వాడి మొహంలో రంగు మారడం చూశాడు సత్తార్. ఇప్పుడు చెబుతాడు, అయ్యో బాబాయ్, ఇది నేనిచ్చిందే అని నాలుక కరుచుకుంటాడు అనుకున్నాడు. నౌషాద్ పిడికిలి మూశాడు. తల వంచుకుని, దగ్గొచ్చినవాడిలా ఒకసారి దగ్గి, ఆ పిడికిలిని ప్యాంటు జేబులోకి పోనిచ్చాడు. ఖాళీ చెయ్యి బయటికి తీసి, అరలోంచి కొత్త రిలే అందుకుని, ఈసారి మీది అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాడు.

సత్తార్ చూపు తిప్పుకున్నాడు. స్నానం చేస్తున్నవాణ్ణి పొరపాటున చూసినట్టు అనిపించింది. కోపం రావాలి, రాలేదు. లేచి, జేబులోది తియ్యరా అంటే ఒక్క మాటతో తన పరువు తనకి వస్తుంది, ఆటోవాళ్ళ నవ్వు అటు తిరుగుతుంది. కానీ ఆ దగ్గు ఎవరిది? ఆ తల వంచుకోవడం, ఆ చెయ్యి అంత సహజంగా జేబులోకి పోవడం, అదంతా ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో ఏమిటి, తనదే. కాయిల్ తప్పు వైరుకి కలిపి మాడ్చేసిన రోజు, అది ముందే పోయి ఉందని గిరాకీకి చెప్పి తను ఇట్లాగే జేబులో వేసుకున్నాడు. పక్కనే పానా పట్టుకుని నిలబడి ఈ నౌషాదే కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. తీసిన సామాను చేతిలో పెట్టాలన్న కట్టడి ఆ రోజు మాత్రం ఏమైంది అని వాడు అడగలేదు. అడిగే వయసు కాదు, చూసి నేర్చుకునే వయసు. నేర్చుకున్నాడు. మస్తాన్‌రావుకి కొత్త మోడలు అని చెప్పిన నోరూ, ఈ జేబులోకి పోయిన చెయ్యీ ఒక్క మనిషివే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి సత్తార్‌కి. ఇంతసేపూ పడ్డది సిగ్గు కాదనిపించింది దీని ముందు.

కొత్త రిలే ఎక్కింది. నౌషాద్ స్విచ్ నొక్కాడు. లైట్లు నిదానంగా వెలిగాయి, నిదానంగా ఆరాయి. చప్పుడే లేదు. ఆ పాత టిక్కు టిక్కు వినే బండి బాగుందో లేదో చెప్పేవాడు సత్తార్, ఇకమీదట అదీ లేదన్నమాట. "అదీ లెక్క," అన్నాడు మస్తాన్‌రావు. బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి బెంచీ ముందు ఆగాడు. "మరి ఆ రోజు కొత్త మోడలంటివి గదా భాయ్." ఎగతాళిగా అనలేదు ఈసారి. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, అన్నేళ్ళు నమ్మినవాడు అడిగినట్టు. సత్తార్‌కి జవాబులు చాలా వచ్చాయి నోటికి, అన్నీ అలవాటైనవే.

"అబద్ధం చెప్పా మస్తాన్‌రావూ," అన్నాడు. "ఎందుకట్లా కొట్టుకుంటుందో నాకు అంతు పట్టలా. తెలవదు అనటానికి నోరు రాక అట్లా చెప్పా. తప్పు నాదే."

ఆటోవాళ్ళు నవ్వలేదు. నౌషాద్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. ఉస్తాద్ నోట ఆ మాట వాడు ఇన్నేళ్ళలో వినలేదు. ఒక్క క్షణం వాడు తన వైపు చూస్తాడనుకున్నాడు సత్తార్. వాడు మస్తాన్‌రావు వైపు తిరిగి, మెత్తగా, పెద్దమనిషి తరహాలో, "పోనియ్ బాబాయ్. పెద్దాయన గదా, వయసు మీద పడింది, కళ్ళు ఆనటంలా. మనమే సర్దుకోవాల" అన్నాడు.

నవ్వినప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు. తనకోసం కాదు, వాడికోసం సిగ్గేసింది. క్షమించేస్తున్నాడు, జేబులో చుక్క పెట్టుకుని.

"సరే గానీ, తీసింది ఏదిరా?" అన్నాడు మస్తాన్‌రావు, చెయ్యి చాచి.

"ఏంది బాబాయ్?"

"తీసిన రిలే. మా ఇంట్లో డబ్బా నిండా ఉన్నయి, సత్తార్ భాయ్ చేతిలో పెట్టినయి. ఇనపకొట్టు పెడతావా అని మీ పిన్ని తిడతానే ఉంటది. అయినా అలవాటైపోయింది. ఇయ్యి."

"పారేశా బాబాయ్."

"ఎక్కడ పారేశావు? నేనీడనే ఉంటిని గదా."

నౌషాద్ నేల మీద వెతికాడు, లేనిదాన్ని. వైర్ల ముక్కలు కాలితో కదిపాడు. చెమట పడుతోంది వాడికి. వెతుకుతూ వెతుకుతూ ఒకసారి తల ఎత్తి ఉస్తాద్ వైపు చూశాడు. సత్తార్‌కి అర్థమైంది, తను చూశాడని వాడికి ఇప్పుడే తెలిసింది. ఒక్క మాట అంటే వాడు గట్టెక్కుతాడు. పోనీలే మస్తాన్‌రావూ, నేను తర్వాత వెతికి ఇస్తాలే అంటే చాలు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ సత్తార్ లేచాడు. బెంచీ ఆ పక్కకి తూలింది. నడిచి వచ్చి, వాడి మొహం వైపు చూడకుండా, బండి కింద పడుకుని పానా అడిగిన రోజుల్లోలాగా అరచెయ్యి చాచాడు. "ఇట్లా ఇయ్యిరా," అన్నాడు. నౌషాద్ చెయ్యి వాడి ప్రమేయం లేకుండానే జేబులోకి పోయింది, రిలే అరచేతిలో పడింది. పడ్డ తర్వాత వాడికి తెలిసొచ్చింది, కానీ అప్పటికే ఇచ్చేశాడు.

వాడి చేతి వేడికి వెచ్చగా ఉంది అది. సత్తార్ బొటనవేలు సరిగ్గా చుక్క మీద పడింది. వేలికింద ఆ రంగు నున్నగా తగిలింది. ఇలాగే పట్టుకుని ఇలాగే అందిస్తే చుక్క అడుగు వైపుకి పోతుంది, మస్తాన్‌రావు చూడకుండా జేబులో వేసుకుంటాడు, ఇంటికి పోయి డబ్బాలో పడేస్తాడు. మళ్ళీ ఒకసారి దాచినట్టవుతుంది. మళ్ళీ ఒకసారి నేర్పినట్టు. సత్తార్ బొటనవేలు తీసి, చుక్క పైకి ఉండేట్టు తిప్పి, మస్తాన్‌రావు చేతిలో పెట్టాడు.

మస్తాన్‌రావు దాన్ని చూశాడు. నౌషాద్‌ని చూశాడు. అద్దాలు లేవు అతనికి కూడా, అయినా ఆ ఎరుపు కనపడటానికి అద్దాలు అక్కర్లేదు. "ఇది నీకు ముందే తెలుసా భాయ్?"

"ఇప్పుడే చూశా. వాడు బయటికి తీసినప్పుడు."

"మరి వాడు నిన్ను అంతలేసి మాటలంటుంటే నోరెత్తవేంది?"

సత్తార్‌కి నేల వైపు చూడాలనిపించింది, చూడలేదు. "ఏమని చెప్పను," అన్నాడు. "గిరాకీ ముందర తప్పు ఒప్పుకోవద్దని వాడికి నేర్పింది నేనే."

ఇండికేటర్లు చప్పుడు లేకుండా వెలిగి ఆరుతూనే ఉన్నాయి. నౌషాద్ గొంతుకూర్చుని పక్క ప్యానెల్ ఎక్కించబోయాడు. స్క్రూ జారి కింద పడింది, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. సత్తార్ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వాడి పక్కన కూర్చున్నాడు. ప్యానెల్ రెండో కొసని పట్టుకుని, చిల్లుకి చిల్లు సరిపోయేట్టు నొక్కిపెట్టాడు. ఇద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి. అప్పుడు నౌషాద్, పెదాలు కదిలీ కదలనట్టు, ఉర్దూలో, తప్పు నాది ఉస్తాద్ అన్నాడు.

"తెలుగులో చెప్పు," అన్నాడు సత్తార్.

నౌషాద్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ప్యానెల్ ఉస్తాద్ చేతుల్లో వదిలేసి లేచి నిలబడ్డాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, మస్తాన్‌రావు వైపు తిరిగాడు.

"బాబాయ్," అన్నాడు.